దుకాణం నడుపుతూ జ్ఞానపీఠ్ దాకా: దామోదర్ మౌజో జీవితం, కొంకణి లిపుల చిక్కు

గోవాలో భాష గొడవ కొన్నేళ్లకోసారి వార్తల్లోకి వస్తూనే ఉంటుంది. రోమన్ అక్షరాల్లో రాసే కొంకణికీ అధికార హోదా ఇవ్వాలని ఒక వర్గం అడుగుతుంది. మరాఠీకి కొంకణితో సమానమైన పూర్తి హోదా కావాలంటుంది ఇంకో వర్గం. ఉన్న చట్టాన్ని కదపొద్దని మూడో వర్గం పట్టుబడుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఇదంతా అయోమయంగా ఉంటుంది. ఒకే భాష మాట్లాడే వాళ్ల మధ్య, అక్షరాల మీద ఇంత తగాదా ఎందుకు?

దీన్ని విడదీసి చూడటానికి ఒక మనిషి జీవితం బాగా పనికొస్తుంది. ఆయన దామోదర్ మౌజో. దక్షిణ గోవాలోని మజోర్దా గ్రామంలో ఇంటి దుకాణం నడిపిన వ్యాపారి, కొంకణి కథకుడు, నవలాకారుడు. 2022 సంవత్సరానికి 57వ జ్ఞానపీఠ్ పురస్కారం ఆయనకే దక్కింది. కొట్టు నడిపే మనిషి దేశంలోని పెద్ద సాహిత్య పురస్కారం అందుకోవడం చాలామందికి వింతగా అనిపించింది. కొంకణి పరిస్థితి తెలిస్తే అందులో వింతేమీ లేదు. ఈ భాషలో రాసేవాళ్లకు ఇంకో బతుకుతెరువు తప్పనిసరి. ఆ అవసరం వెనక లిపుల గొడవ ఉంది, దాని వెనక గోవా చరిత్ర ఉంది.

మజోర్దా నుంచి బొంబాయికి, మళ్లీ మజోర్దాకు

మౌజో పుట్టింది 1944 ఆగస్టు 1న. అప్పటికి గోవా పోర్చుగీసు పాలనలో ఉంది. ఆ రోజుల్లో పిల్లలకు కొంకణిలో బడి లేదు. ఇంట్లో, వీధిలో కొంకణి మాట్లాడే పిల్లవాడు బడికెళ్తే చదువు పోర్చుగీసులోనో మరాఠీలోనో సాగేది. మౌజో ప్రాథమిక చదువు ఈ రెంటి మధ్యే నడిచింది. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాను విముక్తం చేసినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. తర్వాత బొంబాయి వెళ్లి పోద్దార్ కాలేజీలో కామర్స్ చదివారు. కాలేజీ రోజుల్లోనే కొంకణిలో రాయడం మొదలుపెట్టారు. చదువయ్యాక ఊరికి తిరిగొచ్చి కుటుంబ వ్యాపారం చేపట్టారు. మొదటి కథల సంపుటి 1971లో వచ్చింది.

బడిలో ఎప్పుడూ నేర్పని భాషలో రాయాలని ఒక కుర్రాడు నిర్ణయించుకోవడం చిన్న విషయం కాదు. మరాఠీలో రాసుంటే అప్పటికే తయారుగా ఉన్న పాఠకులు, పత్రికలు, ప్రచురణ సంస్థలు దొరికేవి. గోవా కవి బా.భ. బోర్కర్ మరాఠీలోనూ కొంకణిలోనూ రాసి రెండు చోట్లా పేరు తెచ్చుకున్నారు. మౌజో తరం దృష్టి మాత్రం ఎక్కువగా కొంకణి మీదే నిలిచింది.

దుకాణం ఆయనకు ఏమిచ్చిందో ఊహించడం కష్టం కాదు. మజోర్దా సాష్టీ తాలూకాలో సముద్రం ఒడ్డున ఉంది. ఆ తీరంలో క్యాథలిక్కులు ఎక్కువ. ఓడల మీద పనికి వెళ్లేవాళ్లు, గల్ఫ్ వెళ్లేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, చిన్న రైతులు ఉండే ప్రాంతం. ఊళ్లో కిరాణా కొట్టు అంటే ఖాతా పుస్తకం కూడా ఉంటుంది. ఎవరింటికి గల్ఫ్ డబ్బు వచ్చింది, ఎవరింటికి ఆగిపోయింది, ఏ ఇంట్లో మగవాడు తాగుడులో పడ్డాడు, ఏ ఇల్లాలు అరువు అడగడానికి మొహమాటపడుతోంది అన్నది కొట్టువాడికి అందరికంటే ముందు తెలుస్తుంది. మౌజో హిందువు. ఆయన కథల్లో, నవలల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది క్యాథలిక్ కుటుంబాలు. వాళ్ల వంటిల్లు, చర్చి, పెళ్లి, చావు గురించి ఆయన బయటివాడిలా రాయలేదని విమర్శకులు మెచ్చుకుంటారు.

కొంకణి ప్రత్యేక భాషా, మరాఠీ మాండలికమా?

ఇప్పుడు మూల ప్రశ్నకు వద్దాం. మాండలికం అంటే ఒకే భాషకు ప్రాంతాన్ని బట్టి ఉండే రూపం. శ్రీకాకుళం మాట, చిత్తూరు మాట, కరీంనగర్ మాట వేర్వేరుగా ఉన్నా అన్నీ తెలుగే. కొంకణి కూడా అలా మరాఠీకి ఒక ప్రాంతీయ రూపమేనని చాలాకాలం బలమైన వాదన ఉండేది. ఆ వాదన పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. రెండూ పక్కపక్కనే పెరిగిన భాషలు. గోవా హిందువుల ఇళ్లలో భజన, కీర్తన, పురాణ పఠనం తరతరాలుగా మరాఠీలో సాగాయి.

ఎదుటి వాదన వ్యాకరణం మీద నిలబడింది. "నేను వెళ్తాను" అనడానికి మరాఠీ పురుషుడు "మీ జాతో" అంటాడు, కొంకణివాడు "హాంవ్ వతాం" అంటాడు. సర్వనామం వేరు, క్రియ వేరు, ప్రత్యయం వేరు. ఇలాంటి తేడాలు భాష నిండా ఉన్నాయి. ఈ వాదనకు ఊపిరి పోసినవాడు శణై గోంయ్‌బాబ్. అసలు పేరు వామన్ రఘునాథ్ వర్దే వలావులీకర్ (1877–1946). జీవితంలో ఎక్కువ భాగం బొంబాయిలో గడిపి, కొంకణి స్వతంత్ర భాష అని చెప్పడానికే పుస్తకం వెనక పుస్తకం రాశారు. ఆయన వర్ధంతి ఏప్రిల్ 9ని కొంకణివాళ్లు ప్రపంచ కొంకణి దినంగా జరుపుకుంటారు.

సాహిత్య అకాడమీ 1975లో కొంకణిని స్వతంత్ర సాహిత్య భాషగా గుర్తించడంతో పండితుల స్థాయిలో వివాదం దాదాపు ముగిసింది. రెండేళ్లకు, 1977లో, తొలి కొంకణి అకాడమీ పురస్కారం రవీంద్ర కేళేకర్‌కు దక్కింది. తర్వాత కొంకణికి మొదటి జ్ఞానపీఠ్ (2006) తెచ్చిందీ ఆయనే. మౌజోది రెండోది.

ఓటుతో తేల్చుకున్న ప్రశ్న

పండితుల చర్చ కంటే ముందే సామాన్య ప్రజలు ఒకసారి తీర్పు చెప్పాల్సి వచ్చింది. విముక్తి తర్వాత గోవాను మహారాష్ట్రలో కలపాలా, విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా ఉంచాలా అనే ప్రశ్న లేచింది. గోవా తొలి ముఖ్యమంత్రి దయానంద్ బాందోడ్కర్ విలీనం కోరారు. ఆయన కూడా వ్యాపారే, గనుల యజమాని. జాక్ డి సెక్వేరా నాయకత్వంలోని యునైటెడ్ గోవన్స్ పార్టీ వ్యతిరేకించింది. 1967 జనవరి 16న జనాభిప్రాయ సేకరణ జరిగింది. విడిగా ఉండాలని 1,72,191 మంది, కలవాలని 1,38,170 మంది ఓటేశారు. తేడా 34,021.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. కొంకణి మరాఠీ మాండలికమే అయితే విలీనానికి భాషా ప్రాతిపదిక ఉన్నట్టే. కాబట్టి విడిగా ఉండాలన్న ఓటు కొంకణికి పడిన ఓటు కూడా అని కొంకణి ఉద్యమకారులు అంటారు. మరోవైపు, ఓటేసిన ప్రతి వందమందిలో 43 మందికి పైగా విలీనం కోరుకున్నారు. వాళ్లు బయటివాళ్లు కాదు, గోవావాళ్లే. చాలామంది వెనుకబడిన కులాల హిందువులు. బాందోడ్కర్ ప్రభుత్వం పల్లెపల్లెనా తెరిచిన మరాఠీ బడుల్లోనే వాళ్ల పిల్లలు చాలామంది తొలిసారి అక్షరం నేర్చుకున్నారు. వాళ్లకు మరాఠీ అంటే పైకి తీసుకొచ్చిన చదువు. ఇంట్లో కొంకణి మాట్లాడుతూ మరాఠీని తమ భాషగా ప్రేమించే గోవావాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను పక్కన పెట్టి ఈ కథ చెబితే సగమే చెప్పినట్టు.

ఒక భాషకు ఇన్ని లిపులు ఎలా వచ్చాయి?

లిపి అంటే భాషను రాసే అక్షరాల తీరు మాత్రమే. భాష వేరు, లిపి వేరు. కొంకణిని దేవనాగరి, రోమన్, కన్నడ, మలయాళ లిపుల్లో రాస్తారు. కర్ణాటక తీరంలోని భట్కల్ పట్టణపు నవాయత్ ముస్లింలు తమ మాటను అరబీ తరహా లిపిలో రాస్తారు. ఇది ఎవరో కూర్చుని పంచిన పంపకం కాదు. కొంకణివాళ్లు చెదిరిపోయిన దారుల గుర్తులివి.

పోర్చుగీసు పాలన మొదట్లో మిషనరీలు కొంకణి నేర్చుకుని, వ్యాకరణాలు రాసి, రోమన్ అక్షరాల్లో అచ్చు వేశారు. ఇంగ్లండు నుంచి వచ్చిన జెసూట్ (ఒక క్యాథలిక్ సన్యాసి సంఘం) మిషనరీ థామస్ స్టీఫెన్స్ రాసిన కొంకణి వ్యాకరణం 1640లో అచ్చయింది. భారతీయ భాషల వ్యాకరణాల్లో అచ్చు చూసిన తొలి పుస్తకం అదే. ఆ తర్వాత పాలకుల ధోరణి మారిపోయింది. 1684లో పోర్చుగీసు వైస్రాయ్ ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం జనం మూడేళ్లలో కొంకణి వదిలేసి పోర్చుగీసు మాట్లాడాలి. జనం నోట భాషను ఆ ఆజ్ఞ ఆపలేకపోయింది. కానీ రాతలో పెరగాల్సిన దశాబ్దాలు పోయాయి.

మత విచారణలు, పన్నులు, యుద్ధాల భయంతో జనం దక్షిణానికి వలసపోయారు. మంగళూరు, ఉడిపి వైపు వెళ్లినవాళ్లు కన్నడ లిపి అలవాటు చేసుకున్నారు. కొచ్చి దాకా వెళ్లినవాళ్లు మలయాళ లిపి పట్టుకున్నారు. గోవాలో ఉన్న క్యాథలిక్కులు రోమన్‌లో, హిందువులు దేవనాగరిలో రాశారు. మంగళూరు క్యాథలిక్ వారపత్రిక 'రాక్ణో' 1938 నుంచి కన్నడ లిపిలో వస్తోంది. గోవా నుంచి 1933లో మొదలైన 'వావ్రాడ్యాంచో ఈష్ట్' రోమన్ లిపిలో వచ్చిన వారపత్రిక. ఒకే భాష పత్రికలు ఇవి. ఒకదాని పాఠకుడు రెండోది చదవలేకపోవచ్చు.

2011 జనగణన లెక్కలు చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. దేశంలో కొంకణి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 22.5 లక్షలు. అందులో గోవాలో ఉన్నది సుమారు 9.6 లక్షలు. కర్ణాటకలో దాదాపు 7.9 లక్షలు, మహారాష్ట్రలో 4 లక్షలు. అంటే కొంకణివాళ్లలో సగానికి పైగా గోవా బయటే ఉన్నారు. గోవా శాసనసభ ఏ లిపిని ఎంచుకున్నా వాళ్లను కట్టిపడేయలేదు. 2001లో ఈ సంఖ్య దాదాపు 24.9 లక్షలు. పదేళ్లలో పెరగాల్సింది తగ్గింది.

1987 చట్టంలో అసలు ఏముంది?

ఇక్కడ మూడు గుర్తింపులను జనం తరచూ కలిపేస్తారు. సాహిత్య అకాడమీ గుర్తింపు అంటే ఆ భాషలో రాసిన పుస్తకాలకు పురస్కారాలు, అనువాదాలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరడం అంటే జాతీయ స్థాయి హోదా. కొంకణికి అది 1992లో 71వ సవరణతో వచ్చింది, మణిపురి, నేపాలీలతో పాటు. అధికార భాష అంటే రాష్ట్ర ప్రభుత్వ కార్యకలాపాల భాష. అది రాష్ట్ర చట్టంతో వస్తుంది.

గోవాలో ఈ మూడోదాని కోసమే రక్తం చిందింది. 1986 చివర్లో ఆందోళన తీవ్రమైంది. ఏడుగురు చనిపోయారు. 1987 ఫిబ్రవరిలో అధికార భాషా బిల్లు సభలో నెగ్గింది. మే 30న గోవా రాష్ట్రమైంది. ఆ ఉద్యమంలో మౌజో ముందుండి పనిచేశారు.

చట్టం కొంకణిని అధికార భాష చేసింది. అయితే నిర్వచనం దగ్గర ఒక షరతు పెట్టింది: కొంకణి అంటే దేవనాగరి లిపిలోని కొంకణి. దాని పక్కనే మరాఠీని కూడా అధికారిక పనులకు వాడేందుకు వీలు కల్పించింది. నేటి గొడవంతా ఈ రెండు వాక్యాల చుట్టూనే తిరుగుతోంది.

దేవనాగరి కావాలనేవాళ్ల వాదన ఇది: కొంకణి చిన్న భాష; పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షలు, ప్రభుత్వ పత్రాలు అన్నీ ఐదు లిపుల్లో నడవవు. భారతీయ ధ్వనులకు దేవనాగరి సరిపోతుంది, హిందీ వల్ల దేశమంతా చదవగలరు. ఏదో ఒకటి ఎంచుకోకపోతే భాష నిలవదు.

రోమన్ కావాలనేవాళ్ల బాధ వేరే. 1986లో వీధుల్లోకి వచ్చినవాళ్లలో రోమన్‌లో చదివే సాష్టీ క్యాథలిక్కులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. గెలిచిన తర్వాత వచ్చిన చట్టంలో వాళ్ల అక్షరాలే లేవు. నాలుగు శతాబ్దాల ప్రార్థన పుస్తకాలు, నవలలు, పాటలు, నాటకాలు ఆ లిపిలో ఉన్నాయి. బడుల్లో నేర్పే ప్రామాణిక కొంకణి ఫోండా (గోవా లోపలి తాలూకా) వైపు హిందూ అగ్రకులాల మాటకు దగ్గరగా ఉంటుందని, తమ మాటను తప్పుగా చూస్తారని వాళ్లు అంటారు. నా దృష్టిలో ఈ బాధ న్యాయమైనదే. పోరాటంలో భాగం ఉన్నవాళ్లకు ఫలితంలో భాగం లేకపోవడం ముప్పై ఏళ్లు దాటినా మానని పుండు. అయితే దేవనాగరి వర్గం చెప్పే పాలనా కష్టం కూడా నిజమైనదే. అందుకే ఇది తేలిగ్గా తేలదు.

ఒక కుటుంబం, మూడు పుస్తకాలు

సాష్టీలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాయనమ్మ చర్చి పుస్తకాలతో రోమన్ కొంకణి నేర్చుకుంది. మనవడు ప్రాథమిక బడిలో దేవనాగరి కొంకణి చదివాడు. 1990 తర్వాత ప్రాంతీయ భాషలో నేర్పే ప్రాథమిక బడులకే ప్రభుత్వం గ్రాంటు ఇవ్వడంతో చర్చి బడులు కూడా దేవనాగరి కొంకణికి మారాయి. మనవరాలు ఇంగ్లీషు మీడియం. 2011లో ఇంగ్లీషు ప్రాథమిక బడులకూ గ్రాంటు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించాక అలాంటి పిల్లలు ఎక్కువయ్యారు. మంగళూరులో ఉన్న మేనత్త కన్నడ లిపి చదువుతుంది. పండక్కి అందరూ ఒకచోట చేరితే గంటలకొద్దీ కొంకణిలోనే కబుర్లు. కానీ ఒక కొంకణి నవల కొని తెస్తే, ఆ ఇంట్లో ఒక్కరే చదవగలరు.

ఇప్పుడు రచయిత వైపు నుంచి లెక్క వేద్దాం. ఒక నవల వెయ్యి కాపీలు వేశారనుకుందాం. ధర 200 రూపాయలు, రాయల్టీ పది శాతం. కాపీకి 20 రూపాయలు. వెయ్యీ అమ్ముడుపోతే రచయితకు 20,000. ఆ నవల రాయడానికి మూడేళ్లు పట్టిందంటే నెలకు ఆరు వందలు కూడా పడవు. పాఠకులు లిపి లిపికీ చీలిపోయిన చోట ఆ వెయ్యి అమ్మడమే పెద్ద పని.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక మాట అనొచ్చు: మన దగ్గరా నవల రాసి బతికేవాళ్లు ఎందరు? నిజమే. 8 కోట్ల మంది మాట్లాడే తెలుగులో కూడా ఎక్కువమంది రచయితలు ఉద్యోగం చేసుకుంటూ రాస్తారు. కానీ తెలుగు రాతగాడికి సినిమా ఉంది, టీవీ ఉంది, పెద్ద దినపత్రికలు ఉన్నాయి. కొంకణిలో ఆ దారులు చాలా సన్నం. దేవనాగరి దినపత్రిక 'సునాపరాంత్' 1987లో మొదలై 2015లో మూతపడింది.

అందుకే కొంకణి రచయితల జాబితా చూస్తే వృత్తుల జాబితాలా ఉంటుంది. ఉదయ్ భెంబ్రే న్యాయవాది, మహాబళేశ్వర్ సైల్ సైన్యంలో పనిచేశారు, మనోహర్ రాయ్ సర్దేశాయ్ ఫ్రెంచ్ అధ్యాపకులు. 2006లో వ్యాసాల పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న దత్తా దామోదర్ నాయక్ వ్యాపారి. మౌజో దుకాణం నడపడం ఈ వరుసలోనిదే.

అయితే ఈ లెక్కకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. తియాత్ర్ అనే కొంకణి నాటకం 1892లో బొంబాయిలో పుట్టింది. పాటలు, హాస్యం, రాజకీయ విమర్శ కలిసిన ప్రదర్శన అది. జనం టికెట్టు కొని చూస్తారు, ఆ ఆదాయంతో బతికే కళాకారులు ఉన్నారు. తియాత్ర్ రాత రోమన్ లిపిలో ఉంటుంది, కానీ ప్రేక్షకుడికి లిపితో పనిలేదు, వింటే చాలు. అంటే కొంకణికి డబ్బు పెట్టే జనం లేకపోలేదు. అక్షరం అడ్డం రాని చోట వాళ్లు వస్తున్నారు.

కువైట్ వెళ్లిన కార్మెలీన్

మౌజోకు పెద్ద పేరు తెచ్చింది 1981 నాటి నవల 'కార్మెలీన్'. దీనికే 1983లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కథానాయిక గోవా క్యాథలిక్ ఇల్లాలు. భర్త తాగుడుకు బానిస. కూతురి భవిష్యత్తు కోసం కువైట్‌లో ఇంటిపనికి వెళ్తుంది. అక్కడ ఆమె పోగొట్టుకున్నదేమిటి, ఇంటికి పంపిన డబ్బు వెనక ఏముంది అన్నది నవల.

రాజంపేట, రాయచోటి ప్రాంతం నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన వేలమంది ఆడవాళ్ల కథ తెలిసిన తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాదు. గల్ఫ్ వలస అనగానే మగ కూలీలే గుర్తొచ్చే రోజుల్లో, ఒక మగ రచయిత ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషి దగ్గర కథను నిలబెట్టాడు. ఈ నవలలో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. ఆమెకు ఎదురైన లైంగిక దోపిడీని దాచలేదు, ఆమెను దోషిగానూ నిలబెట్టలేదు.

ఇది ఎన్నో భాషల్లోకి అనువాదమైంది. ఇక్కడ చిన్న భాష రచయిత ఆర్థిక వ్యవస్థ ఇంకోలా కనిపిస్తుంది. సొంత భాషలో వేరే లిపి చదివేవాళ్లకు చేరని పుస్తకం, అనువాదంలో ఇంగ్లీషు, హిందీ పాఠకులకు చేరింది. మంగళూరు కొంకణి పాఠకుడు ఒక గోవా నవలను ఇంగ్లీషులో చదవాల్సి రావడం ఈ చిక్కులోకెల్లా బాధ కలిగించే సంగతి.

మౌజో దుకాణానికీ రాతకీ పరిమితం కాలేదు. 2010లో మొదలైన గోవా ఆర్ట్స్ అండ్ లిటరేచర్ ఫెస్టివల్ స్థాపకుల్లో ఒకరు. భావప్రకటన స్వేచ్ఛ మీద నిర్మొహమాటంగా మాట్లాడారు. బెంగళూరు పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్య దర్యాప్తులో ఆయనకూ ముప్పు ఉందని తేలడంతో 2018లో పోలీసు రక్షణ కల్పించారు. రాయడం మాత్రం ఆపలేదు.

లిప్యంతరీకరణతో పరిష్కారం దొరుకుతుందా?

ఇప్పుడు కొందరు ఆశపడుతున్నది కంప్యూటర్ మీద. ఒక లిపిలోని పాఠాన్ని మీట నొక్కి ఇంకో లిపిలోకి మార్చగలిగితే పాఠకుల చీలిక తగ్గుతుంది కదా అని. దేవనాగరి, కన్నడ లిపుల మధ్య ఇది చాలావరకు సాధ్యమే, రెండింటి అమరిక ఒకటే కాబట్టి. అయినా కన్నడలో ఎ, ఏ వేరువేరుగా, ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి. దేవనాగరిలో మామూలుగా ఆ తేడా కనిపించదు. కన్నడ నుంచి దేవనాగరికి వెళ్తే ఆ సమాచారం పోతుంది, తిరిగి రాదు.

రోమన్‌తో కష్టం ఎక్కువ. పోర్చుగీసు అలవాటుతో వచ్చిన వర్తనులు అవి. 'ష' ధ్వనికి ఎక్స్ అక్షరం రాస్తారు, పదం చివరి ఎమ్ చాలాచోట్ల ముక్కుతో పలికే అచ్చుకు గుర్తు. రచయితకో తీరు, పత్రికకో తీరు కూడా ఉంది. యంత్రం మార్చిన పాఠాన్ని భాష తెలిసిన మనిషి కూర్చుని సరిచూడాలి. ఆ పనికి జీతం ఇచ్చేదెవరన్నది మళ్లీ డబ్బు ప్రశ్నే.

పైగా అక్షరాలు మారినా మాట మారదు. ఫోండా కొంకణి, సాష్టీ కొంకణి, మంగళూరు కొంకణి మధ్య పదాలు, క్రియా రూపాలు తేడాగా ఉంటాయి. పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలు ఒకవైపు, కన్నడ మాటలు ఇంకోవైపు. లిపి గోడ దాటాక కూడా పాఠకుడు ఈ తేడాలకు కాస్త అలవాటు పడాలి. తియాత్ర్ చూసేవాళ్లు, పండక్కి కలిసే బంధువులు ఈ సర్దుబాటు రోజూ చేస్తూనే ఉన్నారు. చట్టంలో రోమన్‌కు చోటు ఇవ్వాలన్న డిమాండ్ మాత్రం యంత్రాలతో తీరేది కాదు. దానికి 1987 చట్టంలోని నిర్వచనాన్ని గోవా శాసనసభే సవరించాలి.